మిరుగం ముందు రోజు కడిగిన ఇసుక

ఆరేళ్లుగా నా మీద ఒక బరువు ఉంది. ఎంత బరువంటే ఒక టబ్బెడు ఇసుకంత. తడి ఇసుక. పొడి ఇసుకకూ తడి ఇసుకకూ ఎంత తేడా ఉంటుందో మోసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో అందరూ పడుకున్నారు. పాప నా నడుము మీద కాలు వేసి నిద్రపోతోంది. ముందు గదిలోంచి చేపల ట్యాంకు మోటరు చప్పుడు వినిపిస్తోంది. నాకు నిద్ర రావడం లేదు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రాలు పంచేటప్పుడు గుండె కొట్టుకుంటుందే, సాయంత్రం నుంచి అట్లా కొట్టుకుంటోంది. భయమా? భయమూ ఉంది. కానీ దాన్ని తోసుకుంటూ ఇంకేదో పైకి వస్తోంది. దానికి సంతోషం అని పేరు పెట్టాలంటే సిగ్గుగా ఉంది. తప్పు చేసిన మనిషికి సంతోషమేమిటి? అయినా ఉంది. లేదని రాస్తే ఈ రాత్రి కూడా అబద్ధమే అవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. పుట్టిల్లు సిరిసిల్ల. మా బాపు మరమగ్గాలు నడిపేవాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. జగిత్యాలలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను. పెళ్లయి కోరుట్లకు వచ్చాను. నేను చెప్పవలసింది కోరుట్ల ఇంటి సంగతి.

ఆ ఇంటి ముందు గదిలో సముద్రం ఉంది. నిజంగానే. మా మామయ్య ఇరవై ఏళ్లకు పైగా దుబాయ్‌లో ఉన్నాడు. కూలి పనికని పోయినవాడు చివరికి పెద్ద పెద్ద హోటళ్లలో ఉప్పునీటి చేపల ట్యాంకులు చూసుకునే పనిలో కుదురుకున్నాడు. అందరూ తిరిగొచ్చేటప్పుడు బంగారం, టీవీలు, మెత్తటి కంబళ్లు తెచ్చుకున్నారు. ఈయన చేపల పిచ్చి తెచ్చుకున్నాడు. మంచమంత పొడవు అద్దాల ట్యాంకు చేయించాడు. వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించి, ఆ నీళ్లలో సముద్రపు ఉప్పు పొడి కలిపి, రాళ్లు పేర్చి, కింద జానెడు మందాన తెల్ల ఇసుక పరిచాడు. హైదరాబాద్ నుంచి చేపలు తెచ్చాడు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట ఒకటి. ఇంకొకటి బూడిద రంగుది, రోజంతా ఇసుక నోట్లోకి తీసుకుని నమిలి మొప్పల్లోంచి వదిలేది. మామయ్య దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. ఇసుక పని ఎప్పుడూ ఆపదు కదా. సముద్రం ఎన్నడూ చూడని మా వీధివాళ్లు పిల్లల్నెత్తుకుని వచ్చి ఆ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడేవారు.

అత్తమ్మ సంగతి వేరు. ఆ ఇరవై ఏళ్లూ ఆమె బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. మొగుడు ఇల్లు చేరాక కూడా రోజంతా చేపల ముందే కూర్చుంటే ఆమెకు ఎట్లా ఉంటుంది? కానీ ఆమె ఏడ్చే మనిషి కాదు, నవ్వించే మనిషి. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చెప్పేది:

"మా ఆయన దుబాయ్‌కెళ్లి నాకు సవతిని తెచ్చిండు. నీళ్లల్ల ఉంటది, చీరలడగది, ఎదురు మాట్లాడది. గీ సవతి మంచిదే తియ్యి."

అన్నం వేళకు మామయ్యను పిలవడం కూడా అట్లాగే ఉండేది. "నీ రెండో పెండ్లం తిన్నదా? తింటే ఇగ నువ్వు రా." మామయ్య లోలోపల మురిసిపోతూ కసురుకునేవాడు. పెళ్లైన కొత్తలో ఆ ఇంట్లో నాకు భయం పోయింది ఆ మాటలు వినే.

ఆ మాటలు ఆగిపోయింది నా వల్ల. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

కాన్పు సిరిసిల్లలో అయింది. అయిదో నెలలో పాపను తీసుకుని కోరుట్లకు వచ్చాను. అప్పుడు నేనెట్లా ఉండేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నాకే జాలేస్తుంది, కోపమూ వస్తుంది. పాప నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసుకునేదాన్ని. చూసి, పడుకుని, మళ్లీ లేచి చూసేదాన్ని. పాపకు దగ్గు మొదలైంది. చిన్న దగ్గే. డాక్టరు ఏమీ లేదన్నాడు. నేను నమ్మలేదు. ఏదో ఉందని ఇల్లంతా వెతికాను, అప్పుడు కనిపించింది ఇసుక. అద్దం వెంట, పైన తెల్లగా ఉన్నా, లోపలంతా నల్లటి మచ్చలు. ఒకరోజు పుల్లతో కాస్త గుచ్చి చూశాను. బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది. కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన నాకు తెలుసు! కాలేజీ ల్యాబులో ముక్కులు మూసుకుని తయారు చేసిన గ్యాసు అది. విషం. మా పాప పడుకునే గదికీ ఆ ట్యాంకుకూ మధ్య ఒక్క గోడ.

సగం చదువు ఎంత ధీమాగా మాట్లాడుతుందో మీకు తెలుసా? నా తలలో అది ఉపన్యాసమే ఇచ్చింది.

మామయ్యను అడిగాను. అడగలేదని కాదు. "ఇసుక నల్లగయింది మామయ్యా, కడగాల్నా?" అన్నాను. ఆయన చేతిలో చేపల తిండి డబ్బా అట్లాగే ఆగింది. "గది ఇసుక కాదు బిడ్డా, ట్యాంకుకు గదే కడుపు. ముట్టకు" అన్నాడు. ఎందుకని చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. అప్పటికి ఆయనకు రెండు కళ్లకూ పొర. ఎదురుగా ఉన్న మనిషిని గొంతు పట్టి గుర్తుపట్టేవాడు. పాపం, ఆ నలుపు ఆయనకు కనిపించడం లేదు అనుకున్నాను. కనిపిస్తే ఆయనే కడిగేవాడు అనుకున్నాను. ఇట్లా అనుకోవడం ఎంత తేలిక.

జూన్ మొదట్లో మామయ్య కంటి ఆపరేషన్‌కు రోజు కుదిరింది. పొద్దున్నే మా ఆయన ఆయన్ని జగిత్యాలకు తీసుకెళ్లాడు. అదే రోజు రాయికల్‌లో దగ్గరివాళ్ల ఇంట్లో దినాలని అత్తమ్మ బస్సెక్కింది. మర్నాడు మిరుగం. మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మా దిక్కు ఎంత లేనివాళ్లయినా చేప తింటారు. ఇంట్లో నేనూ పాపా మాత్రమే మిగిలాం.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. మెరుపులాగా! రేపు మామయ్య కంటి కట్టు విప్పుతారు. కొత్త చూపుతో ఇంటికి వస్తాడు. వచ్చి మొదట చూసేది ట్యాంకునే. అప్పుడు ఇసుక కొత్తదానిలా తెల్లగా మెరుస్తూ కనిపిస్తే?

ఆ మధ్యాహ్నం నేనెంత సంతోషంగా ఉన్నానో చెబితే నమ్మరు. చీర కుచ్చిళ్లు దోపుకుని, పాప నిద్రపోగానే పనిలోకి దిగాను. సాంచాలున్న ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో గోడల మీద, గిన్నెల మీద, కనుబొమ్మల మీద కూడా దూది నలక పడేది. పండుగ వస్తుందంటే అమ్మ ఇంట్లో ఉన్నదంతా వాకిట్లో వేసి కడిగించేది. నాకు శుభ్రం అంటే అదే. కడగడం, నీళ్లు తేటబడేదాకా కడగడం. ప్లాస్టిక్ మగ్గుతో ట్యాంకు అడుగు నుంచి ఇసుకంతా తోడి టబ్బులో పోశాను. చేపలు రాళ్ల చాటుకు పోయాయి. టబ్బును నల్లా కిందికి లాగి, బియ్యం కడిగినట్టు, చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు వంపుతూ మళ్లీ మళ్లీ కడిగాను. మొదటి నీళ్లు బొగ్గులా వచ్చాయి. అందులో దారం ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. చిన్న చిన్న నత్తలు కూడా. ఛీ, వీటి మధ్యనా మా పాప ఊపిరి పీలుస్తోంది అనుకుని మోరీలోకి వంపాను. ఆ పురుగులూ, కంటికి కనిపించనివీ కలిసి చేపలు వదిలిన మురికిని తిని నీళ్లను కాపాడతాయని నాకు తెలియదు. ట్యాంకు ప్రాణమంతా టబ్బులో పెట్టుకుని నల్లా నీళ్లతో కడుగుతున్నానని తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాదని చాలా ఏళ్లు వాదించుకున్నాను. నిజమే, అది కాదు నా తప్పు. తప్పు తర్వాతిది.

కడిగిన ఇసుకను డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టాను. ఆ ఎండకు చూస్తుండగానే ఆరింది. దోసిట్లోకి తీసుకుంటే చక్కెరలా జలజల జారింది. ఎవరూ లేరు కాబట్టి పాట కూడా పాడుకున్నాను. తెచ్చి మళ్లీ ట్యాంకులో పోశాను. నీళ్లు కుడితిలా అయ్యాయి. సాయంత్రానికి తేరుకుంటాయిలే అనుకున్నాను. టబ్బు కడిగాను. గచ్చు తుడిచాను. చీర ఉతికి ఆరేశాను.

తిరిగొచ్చి చూస్తే చేపలు పైకి వచ్చి ఉన్నాయి.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. దీని మీదే అంతా ఉంది. ఇంకా పొద్దు పోలేదు, ట్యాంకు లైటు వేయలేదు, అత్తమ్మ రాయికల్ నుంచి రాలేదు. చేపలు అప్పటికే నీళ్ల పైన మూతులు పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఎప్పుడూ ఇసుకను వదలని మేస్త్రి కూడా పైకి వచ్చింది. నేను చూశాను. ఆకలేమో అని తిండి వేశాను. ముట్టలేదు. చూసి వెళ్లిపోయాను.

చీకటి పడేసరికి అందరూ వచ్చారు. మామయ్య ఒక కంటికి కట్టుతో, చిన్నపిల్లాడిలా హుషారుగా ఉన్నాడు. తొలకరి కురిసింది. ఆగీ ఆగగానే ఉసిళ్లు లేచాయి. మీ ఊళ్లో ఏమంటారో, తొలి వానకు పుట్టలోంచి లేచి దీపం మీద ముసురుకునే రెక్కల పురుగులు. ఇంట్లో అన్ని లైట్లకంటే ట్యాంకు లైటే ఎక్కువ వెలుగు. మొత్తం అక్కడికే వచ్చాయి. అక్కడి నుంచి వంటింట్లోకి, అన్నంలోకి. అత్తమ్మ తిట్టుకుంటూ దోమల మందు డబ్బా తెచ్చి ఆ లైటు చుట్టూ కొట్టింది. ఆ గోలలో నీళ్ల వైపు ఎవరూ చూడలేదు. నేను లోపల పాపకు పాలిస్తున్నాను. మందు వాసన వచ్చింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ వాసన తెల్లారాక నాకు పనికొచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రి అడుగున పడి ఉంది. జంటలో ఒకటి రాయి సందులో తలకిందులుగా. రెండోది ఇంకా కొట్టుకుంటోంది. నీళ్లు తేరుకోలేదు. నేను లైటు తీసేశాను. అంతే చేశాను. మామయ్య కట్టు విప్పించుకోవడానికి కొడుకు వెంట మళ్లీ జగిత్యాలకు వెళ్లాడు. అత్తమ్మ సవతి ముఖం చూడనని ట్యాంకు వైపు తలే తిప్పదు. వాకిట్లో కూర్చుని కొర్రమట్ట చేపను బూడిద రాసి బండ మీద తోముతోంది. కూనిరాగం తీస్తోంది. ఆమెకు చేపంటే ప్రాణం. తలకాయ ముక్క ఎవరినీ తాకనిచ్చేది కాదు.

మామయ్య నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా ట్యాంకు దగ్గరికి వెళ్లి లైటు వేశాడు. అద్దాలు తీశాడు. రుమాలుతో కన్ను ఒత్తుకున్నాడు. మళ్లీ చూశాడు.

"పొర ఇంకా పోలేదారా? పాలు పోసినట్టు కనవడ్తంది" అన్నాడు కొడుకుతో.

మా ఆయన దగ్గరికి వెళ్లి చూసి నోరు తెరిచాడు. "బాపూ, కన్ను కాదు, నీళ్లే గట్లున్నయి. చాపలు సచ్చినయే!"

"ఏయి సచ్చినయి?"

"అన్ని."

మామయ్య ట్యాంకు అంచు పట్టుకున్నాడు. తర్వాత మా ఆయనే, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా అన్నాడు, "రాత్రి ఉసిల్లకు అమ్మ మందు కొట్టింది గదా."

మామయ్య వాకిట్లోకి తిరిగాడు. "ఏందే? మందు కొట్టినవా?"

అత్తమ్మ చేతులకు చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. లేచి నిలబడింది. "కొట్టిన. అన్నంల వడ్డయి మరి. కొట్టకపోతే పురుగులన్నం తింటవా?"

"నా ట్యాంకు మీద కొట్టినవు."

"దాని మీద ఎందుకు కొడ్త? లైటు కాడ కొట్టిన."

"లైటు యాడుంటది? దాని నెత్తి మీదనే గదా! ఇరువై ఏండ్లు పరాయి ముల్కుల పరాయోళ్ల చాపల్ని సాదిన. ఒక్కదాన్ని సావనియ్యలే. నా ఇంట్ల, నా కండ్లు అచ్చిన దినమే..." వీధిలో వాళ్లు ఆగి చూస్తున్నారు. అయినా అన్నాడు, "సవతి సవతి అనుకుంట తిరిగినవు. సచ్చింది. సూడు. నీ కడుపు సల్లగైందా?"

అత్తమ్మ ముఖం అట్లా మారడం నేను ముందెప్పుడూ చూడలేదు. ఎదురుమాట కోసం వెతికింది. ఆమెకు దొరకని మాటంటూ ఉండదు. ఆ రోజు దొరకలేదు.

"నవ్వులాటకు అన్న గది" అంది చివరికి. "గంత పాపం నాకెందుకయ్యా? నా చేత్తోనే సచ్చినయంటున్నవు గదా. ఇగ నా నోట్ల చాప ముక్క వెట్టుకుంటే ఒట్టు."

నేను తలుపు దగ్గర పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట. అంతే కావాల్సింది. 'నేను ఇసుక కడిగాను.' ఎన్ని అక్షరాలు అవి? నోటిదాకా వచ్చింది. పాప దగ్గింది. నేను పాపను తీసుకుని లోపలికి వెళ్లాను. దగ్గే నన్ను కాపాడింది అనుకున్నాను అప్పుడు. పసిపిల్ల దగ్గు చాటున దాక్కున్నాను అని ఇప్పుడు అనుకుంటున్నాను.

అత్తమ్మ మళ్లీ కూర్చుంది. చేపను పూర్తిగా తోమింది, ముక్కలు కోసింది, చింతపండు పులుసు పెట్టింది. పులుసు మరిగాక నన్ను పిలిచింది. గరిటెలో కొంచెం తీసి, ఊది, నా వైపు చాచింది. "నేను సూడరాదు గదా. ఉప్పు సూడు బిడ్డా" అంది.

చూశాను. సరిపోయిందన్నాను.

ప్రతి మిరుగానికీ ఆమె అందరికీ చేప వండుతుంది. ప్రతి మిరుగానికీ గరిటె నా వైపు చాస్తుంది. చేప తినని ఇళ్లలో ఆ రోజు ఇంగువ బెల్లంలో కలిపి చిన్న ఉండ మింగుతారు, వానాకాలం జబ్బులు రాకుండా. అత్తమ్మ ముందు రోజు రాత్రే తన కోసం ఒక ఉండ చేసి చిన్న స్టీలు గిన్నెలో పెట్టుకుంటుంది. మేమంతా ముళ్లు ఏరుకుంటూ తింటుంటే ఆమె ఆ ఉండ నోట్లో వేసుకుని నీళ్లు తాగుతుంది. తలకాయ ముక్క ఇప్పుడు నాకు వేస్తుంది. నేను తిన్నాను. ప్రతిసారీ తిన్నాను. వద్దంటే ఎందుకని అడుగుతారని.

ఇంకో సంగతి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు మామయ్య చేపలు లేని ట్యాంకు ముందు కూర్చుని అన్నాడు, "పొర పోయినంక దునియానే మారింది బిడ్డా. ఇసుక గింత తెల్లగుంటదని నాకు ఎరుకనే లేకపాయె." నేను ఇచ్చిన కానుకను అట్లా చూశాడాయన. ఇసుక తెల్లబడిందని కాదు, తన కన్ను బాగయిందని మురిశాడు. నేను దొరికిపోలేదు. ఎవరికీ దొరక్కపోవడమంత ఒంటరితనం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నిజంగా మందే చంపిందేమో అని కూడా ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ మందూ మంచిది కాదు కదా? రెండూ కలిసి చంపాయేమో? సగం పాపం ఆమెదేమో? ఎంత తెలివిగా పంచానో చూడండి. కానీ ఎటు తిప్పినా ఆ సాయంత్రం దగ్గరికే వస్తాను. లైటు వేయకముందు, డబ్బా తీయకముందు, చేపలు పైకి వచ్చాయి. నేను చూశాను. నేను మాత్రమే చూశాను.

ఆ తర్వాత మామయ్య ట్యాంకు మళ్లీ నిలబెట్టాడు. కొత్త జంట వచ్చింది, కొత్త మేస్త్రి వచ్చింది. అత్తమ్మ మాత్రం సవతి అన్న మాట మళ్లీ అనలేదు. "అన్నం పెట్టిన" అంటుంది, అంతే. ఆయన వచ్చి తింటాడు. చేప మానేసినా మనిషి బతుకుతుంది. ఆ వెక్కిరింతలు మానేశాక ఆ ఇద్దరి మధ్య ఏం మిగిలింది? దాని గురించి ఆలోచించినప్పుడే నాకు ఊపిరాడదు.

ఇక ఈ ఎండాకాలం సంగతి. మీకు చెప్పాలని ఉబలాటపడుతున్నది ఇదే! ఇసుక మళ్లీ పాతబడింది, నల్లబడింది. ఈసారి నిజంగానే మార్చాలని మామయ్యే అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. "నువ్వూ పిల్లా చేయుండ్రి, నేను చెప్త" అన్నాడు. నాకు ఆ టబ్బు గుర్తొచ్చింది. వద్దనలేదు. చేశాం. ట్యాంకును నాలుగు భాగాలనుకుని, ఒక మూల ఇసుకను మాత్రం పైపుతో పీల్చి తీసి, అక్కడ కొత్తది మెల్లగా దించి, పైన పాత ఇసుక ఒక గుప్పెడు చల్లాం, అందులో ఉన్న ప్రాణం కొత్తదానికి అంటుకోవాలని. రెండు వారాలు ఆగాం. మళ్లీ ఇంకో మూల. ప్రతిసారీ ఆ రెండు వారాలూ నేను పొద్దున లేవగానే పరుగున వెళ్లి చేపలు ఎక్కడున్నాయో చూసేదాన్ని. కింద ఉన్నాయి. కిందే ఉన్నాయి! పాప వెనకే వచ్చి, "అమ్మా, నువ్వు చాపలకు కూడా ఊపిరి సూస్తవా?" అని నవ్వేది.

రేపు మిరుగం. ఈ రోజు సాయంత్రం చివరి మూల పూర్తయింది. కొత్త ఇసుక దిగీ దిగగానే మేస్త్రి వచ్చి నోటినిండా తీసుకుని నమిలి వదిలింది. పాప చప్పట్లు కొట్టి గెంతింది. నేనూ గెంతాను. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నదాన్ని, గెంతాను. ఆ అరుపులకు అత్తమ్మ చాట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ట్యాంకు వైపు తిన్నగా చూసింది.

"గీ పావు పావు దీసుడేంది? నెలల కొద్ది పట్టె. ఒక్కపారే దీస్తే ఏమైతదట?" అంది.

"ఏమైతది? రెండొద్దులు తిరగకముందే అన్ని సస్తయి" అన్నాడు మామయ్య, చేపల మీంచి చూపు తిప్పకుండానే. "మందు కొట్టినా గదే, ఇసుకంత ఒక్కపారి దీసినా గదే."

అత్తమ్మ చాట తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ వెళ్లడం చూశాను. భుజాలు కొంచెం లోపలికి పోయాయి. అంతే. మామయ్య మామూలుగానే ఉన్నాడు, ఆ మాట ఎవరికి తగిలిందో ఆయనకు తెలియదు. నా చేతుల్లో ఇంకా తడి ఇసుక ఉంది. కడుక్కోకుండానే ఆమె వెనకాల వెళ్లాను.

ఆమె రేపటి పులుసుకు చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. అంతా ఒకటే ఊపిరిలో వచ్చింది. నల్ల మచ్చలు, వాసన, మామయ్య ముట్టొద్దన్నది, టబ్బు, నల్లా, డాబా మీద చీర. ఆమె గింజలు తీయడం ఆపలేదు. చివరికి అడిగింది.

"ఎప్పుడు పైకొచ్చినయంటివి?"

"నువ్వు రాయికల్‌కెళ్లి రాకముందే అత్తమ్మా."

"మందు కొట్టకముందు."

"కొట్టకముందే."

"నువ్వు సూసినవు."

"సూసిన."

ఆమె చేతిలో గింజ ఒకటి ఉండిపోయింది. దాన్ని వేళ్ల మధ్య తిప్పింది. నేను ఏదైనా అంటుందని, తిడుతుందని, కొడుతుందని కూడా ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. నా ముఖంలోకి చూసి, గట్టిగా కూడా కాదు, నిజంగా జవాబు కావాలన్నట్టు అడిగింది.

"మరి గిన్ని మిరుగాలు?"

ఆమె తినని ముక్కలు ఎవరు తెచ్చి ఇస్తారు? ఆమె అనని మాటలు?

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. "కాల్లెందుకు మొక్కుతవు? నాకు చెప్పుడు కాదు" అంది. "ఆ మనిషికి చెప్పు. గా పొద్దు వాకిట్ల అందరి ముంగట నన్నన్నడు. నువ్వు కూడ అందరి ముంగటనే చెప్పు. రేపు అన్నాలకు కూసున్నంక."

"చెప్త."

"పో. పొయ్యి మీద పాలున్నయి."

వెళ్లాను. పాలు పొంగి పోయాయి. పొయ్యి తుడుస్తుంటే నా చేతులు తేలికగా, నావి కానట్టు ఉన్నాయి. ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేనింకా అడగనే లేదు, అడిగే మొహం కూడా లేదు. రేపు మామయ్య ఏమంటాడో తెలియదు. ఆయన చేపల కోసం ఏడ్చిన దానికంటే, భార్యను అట్లా అన్నందుకు ఎక్కువ ఏడుస్తాడేమో. ఆ ఏడుపూ నా లెక్కలోకే వస్తుంది. మా ఆయన నాతో ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉంటాడో. పాప ఇదంతా వింటుంది. వాళ్లమ్మ ఎట్లాంటిదో తెలుసుకుంటుంది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తున్నాయి. అయినా గుండె అట్లా కొట్టుకుంటూనే ఉంది. చెప్పేశాను! ఆ నాలుగు ముక్కలు నోట్లోంచి బయటికి వచ్చాయి, ఇంకొకరి చెవిలో పడ్డాయి. ఇక ఎంత ప్రయత్నించినా వెనక్కి తీసుకోలేను.

ఇందాక మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద చింతపండు గిన్నె, పక్కన రేపు చేప తోమడానికి బూడిద మూకుడు సర్ది ఉన్నాయి. వాటి పక్కన చిన్న స్టీలు గిన్నె. మూత తీశాను. ఇంగువ వాసన.

ఏటా ఒకటే ఉండ ఉండేది. ఇవాళ రెండు ఉన్నాయి.

చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ముట్టుకోలేదు. మూత పెట్టి వచ్చి మీకు ఇది రాస్తున్నాను. రేపు ఉప్పు చూడమని గరిటె నా వైపు చాచదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా తొందరగా తెల్లారితే బాగుండుననిపిస్తోంది.